ఒర్రె ఒడ్డుకు డేరాలు

ఆ ఎండకాలం మూఢం వడ్డది. రెండు నెలల దాక పెండ్లి ముహూర్తాలు లేవన్నరు. పెండ్లిలు లేకుంటే కోరుట్లల మా పాషా టెంట్ హౌస్‌కు పనేముంటది? షామియానాలు మడతవెట్టి అటక మీదికి ఎక్కించినం. కుర్చీలు ఒకదాంట్ల ఒకటి దోపి గోడకు నిలవెట్టినం. పాషా మా అబ్బా పేరు. ఆయన పోయినంక దుకాణం నేనే చూస్కుంటున్న. నా పేరు ఖలీల్. ఇంట్ల ఉర్దూ మాట్లాడుకుంటం, గిరాకితోని తెలుగు. గీ ముచ్చట తెలుగులనే చెప్త.

మా బిడ్డ జేబా జగిత్యాలల డిగ్రీ చదువుతది. పరీక్షలు ఒడిసి ఇంటికాడనే ఉన్నది. ఒకనాడు దుకాణంలకు అచ్చి నా ఎదురుంగ స్టూలు మీద కూసున్నది.

"అబ్బా, మన దగ్గర చిన్న డేరాలుంటయా?"

"ఎంత చిన్నయి?"

"ఇద్దరు ముగ్గురు పండుకునేటంత."

"పండుకునేతందుకు డేరా ఎందుకు బిడ్డా? ఇండ్లున్నయి కదా."

గప్పుడు చెప్పింది అసలు సంగతి. వాళ్లకు చెట్ల పాఠం చెప్పే ఇంద్రజ మేడం ఉన్నది. మేడం పుట్టింటోళ్లకు మెట్‌పల్లి అవతల ఇబ్రహీంపట్నం దిక్కు మామిడితోట ఉన్నది. తోట ఎనుక అడివి, అడివికి తోటకు నడుమ ఒర్రె. ఆ ఒర్రె ముందటికి పోయి గోదావరిల కలుస్తది. క్లాసుల ఆడపిల్లలందరిని అక్కడికి తీస్కపోయి రెండు రోజులు ఉంచుతదట మేడం. చెట్లు చూసుడు, పిట్టలు చూసుడు, కట్టెల పొయ్యి మీద వండుకునుడు, డేరాలల్ల పండుకునుడు.

"క్యాంపింగ్ అంటరు," అన్నది జేబా. ఆ మాట చెప్తుంటే దాని కండ్లు మెరుస్తున్నయి.

మాపటికి మేడమే ఫోన్ చేసింది. "ఖలీల్ భాయ్, రెడీమేడ్ టెంట్లు ఆన్‌లైన్ల దొరుకుతయి. కానీ ఆడపిల్లల్ని అడివిల పండవెట్టుమంటే ఏ తల్లిదండ్రి ఒప్పుకుంటరు? కోరుట్ల, మెట్‌పల్లి, మేడిపల్లి... మా పిల్లల్ల సగం మంది ఇండ్లల్ల పెండ్లికి మీరే పందిరేసిన్రు. మీరు దగ్గరుండి డేరాలు ఏసి, అక్కడనే ఉంటరంటే పంపిస్తరు."

"మేడం, నేను పండుకొని చూడని డేరాల పక్కోళ్ల పిల్లల్ని ఎట్ల పండవెడ్త? ముందుగాల మా ఇంటోళ్లం పోయి ఒక రాత్రి ఉండి చూస్తం. తర్వాత చెప్త," అన్న.

అన్నంగ అన్న గని, ఇంట్ల ఆ ముచ్చట తీసుడే కష్టం. మా అమ్మ వహీదాబీ బియ్యంల రాళ్లు ఏరుకుంట కూసున్నది. అంతా ఇన్నది. చేట పక్కకు పెట్టి ఒక్కటే అడిగింది.

"అక్కడ నీళ్లున్నయా?"

"చిన్న ఒర్రె అమ్మా."

"నీళ్లున్నయా, లేవా?"

"ఉన్నయి."

"అయితే పోవద్దు."

మా అన్న మజర్ పదమూడేండ్లప్పుడు పొలం కాడి బావిల వడి సచ్చిపోయిండు. గప్పుడు నేను ఇంక బడికి గూడ పోతలేను. ఆనాటి సంది మా ఇంట్ల నీళ్లంటే చేదబావి నీళ్లు, నల్లా నీళ్లు, గంతే. చెరువు కట్ట మీదికెంచి పోవాల్సి అస్తే మా అమ్మ సుట్టు తిరిగి పొమ్మనేది. నా దోస్తులు ఈత నేర్చుకుంటుంటే నేను ఇంట్ల కూసుండి పరదాలకు కుచ్చులు కుట్టిన. అన్న ఫొటో గోడకు లేదు. ఆయన పేరు ఇంట్ల ఎవలం ఎత్తం.

నా భార్య యాస్మీన్ రొట్టెలు చేస్కుంట మా దిక్కు ఒకసారి చూసి, మళ్ల పొయ్యి దిక్కు తిరిగింది. జేబా మాత్రం ఊకోలె. పోయి దాదీ ఒళ్లె తల వెట్టింది.

"దాదీ, నువ్వు గూడ రా. కుర్చీ ఏస్కొని నీళ్ల కాడ కావలి కూసో. నేను గటు అడుగేస్తే నా కాళ్లిరగ్గొట్టు."

అమ్మ చేటల చెయ్యి పెట్టి ఒక రాయి ఏరి పారేసింది. ఆఖరికి, "నేనస్త," అన్నది. "రానంటే మీరు నాకు చెప్పకుంట పోతరు."

*

డేరాలకు గుడ్డ కావాలె. షామియానా గుడ్డ పల్సగుంటది, గాలివానకు ఆగది. యాస్మీన్, నేను సామాన్లు మోసే మా ట్రాలీ బండి తీస్కొని సిరిసిల్లకు పోయినం. మా దుకాణంల పరదాలు, కుచ్చులు, స్టేజీ గుడ్డలు అన్ని యాస్మీన్ మిషిన్ మీద కుట్టినయే. గుడ్డ ఏలితోని రుద్ది చూస్తే చాలు, ఎన్ని వానలకు ఆగుతదో చెప్తది.

జలపతికి సిరిసిల్లల బట్ట నేసే సాంచాలున్నయి. మాకు ఎన్నో ఏండ్ల సంది గుడ్డ ఇస్తడు. సాంచాల చప్పుడుకు ఒకల మాట ఒకలకు ఇనరాదు. బయటికి అచ్చి నిలవడి అడిగిండు.

"మూఢంల పెండ్లి ఎవలిది భాయ్?"

"పెండ్లి కాదు జలపతన్నా. అడివిల పండుకునేతందుకు."

జలపతి నన్ను చూసి, యాస్మీన్‌ను చూసి, గొంతు తగ్గించిండు. "ఇంట్ల ఏమన్న లొల్లయిందా?"

యాస్మీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. జలపతికి అర్థమయ్యెటట్టు చెప్పేసరికి నాకు చెమటలు వట్టినయి. అర్థమైనంక మాత్రం ఆయనకే ఎక్కువ ఉషారచ్చింది. లోపట్నుంచి మందంగ ఉన్న గుడ్డ తాను తెచ్చి, "దీని మీద నీళ్లు వొయ్యి, కిందికి దిగితే నన్నడుగు," అన్నడు. పోసినం. దిగలె.

వారం దినాలు మా ఇల్లు ఇల్లు కాదు. జేబా ఫోన్ల వీడియోలు చూసి కాగితం మీద బొమ్మ గీసుడు, యాస్మీన్ కత్తెర పట్టుడు, నేను గుంజలు కోసుడు. తలుపుకు జిప్పు పెట్టాలంటే బస్టాండ్ కాడ సంచులు కుట్టేటాయన దగ్గర పెద్ద జిప్పులు దొరికినయి. మొదటి డేరా డాబా మీద నిలవెట్టినం. గల్లీల పిల్లలందరు పైకచ్చిన్రు. అమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చుకుంట మెట్లెక్కి అచ్చి, లోపటికి వంగి చూసింది.

"గిందుల నిలవడరాదు."

"నిలవడేతందుకు కాదు దాదీ, పండుకునేతందుకు," అన్నది జేబా.

"నిలవడరాని ఇంట్ల ఎవలుంటరు," అన్నది అమ్మ. గని లోపటికి పోయి కూసున్నది, పిల్లలు పిలిచేదాక బయటికి రాలె.

*

పోయేనాడు పొద్దున్నే ట్రాలీల డేరాలు, గిన్నెలు, బియ్యం, కోడి, నీళ్ల డబ్బాలు ఎక్కించినం. అమ్మ కోసం ఒక కుర్చీ. ఎంతమంది పెండ్లిలకు డేరాలేసిన్నో లెక్క లేదు. ఏసుడు, పక్కకు జరిగి నిలవడుడు, తెల్లారి పీకుడు. ఒక్కనాడు గూడ నేనేసిన డేరాల నేను కూసొని సల్లగ ఊపిరి తీస్కోలె. ఆ పొద్దు స్టీరింగ్ పట్టుకుంటే నాకు సెలవులల్ల మామ ఇంటికి పోతున్న పిల్లగాని లెక్క ఉన్నది.

తోట దాటినంక బాట సన్నగయింది. మోదుగ చెట్లు, తుమ్మ చెట్లు, నడుమ నడుమ తునికి. ట్రాలీ ఆపి నడిసినం. ఒక్కసారి చెట్లు పక్కకు జరిగినయి, ఒర్రె కనవడ్డది.

ఎండకాలం కదా, ఉరుకుతలేదు. ఒక వంపు కాడ నీళ్లు నిలవడి మడుగైనయి. ఆ ఒడ్డు మీద జువ్విచెట్టు నీళ్ల మీదికి వంగి ఉన్నది. ఈ ఒడ్డుకు ఇసుక. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీదికెంచి దబ్బున నీళ్లల్ల దుంకి, చేపను పట్టుకొని పోయింది. మేం నలుగురం నిలవడి చూసినం. ఏం చప్పుడు లేదు. కోరుట్లల మా గల్లీ ముంగటనే పెద్ద రోడ్డు. బండ్ల చప్పుడు లేని జాగ ఒకటి ఉంటదని నేను మర్చిపోయిన.

అమ్మ కుర్చీ ఒడ్డుకు ఇరవై అడుగుల దూరం ఏయించుకున్నది. ఒర్రెకు, మాకు నడుమ గోడ లెక్క కూసున్నది. జేబా గిన్నెలు కడగ పోయినా, "గటు కాదు, డబ్బాల నీళ్లతోని కడుగు," అనేది. రెండు డేరాలు నిలవెట్టినం. జేబా మేకు కొడ్తె వంకరవోయింది, పీకి మళ్ల కొట్టింది. మూడు రాళ్లు పెట్టి యాస్మీన్ బగారా అన్నం, కోడికూర వండింది. పొద్దుగూకంగ నీళ్లు రాగి పళ్లెం లెక్క మెరిసినయి. అన్నం తింటుంటే యాస్మీన్ చెయ్యి పళ్లెంల ఆగింది. నీళ్ల దిక్కే చూస్తున్నది. నేను పిలిస్తే ఉలికివడి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

పండుకునే ముందు అమ్మ తన చున్నీ కొస జేబా మణికట్టుకు కట్టి, ఇంకో కొస తన చేతికి కట్టుకున్నది. జేబా నా దిక్కు చూసి కన్ను గీటింది. ఒక డేరాల వాళ్లిద్దరు, ఇంకో డేరాల మేమిద్దరం.

తెల్లారుజామున లేసి చూస్తే పక్కన యాస్మీన్ లేదు. జిప్పు తెరిసి ఉన్నది. బయటికి అచ్చిన. వెలుగు ఇప్పుడిప్పుడే అస్తున్నది. ఒడ్డు మీద మా అమ్మ నిలవడ్డది. కుర్చీ కాడ కాదు, నీళ్ల అంచుకు. చేతుల తస్బీ దండ ఉన్నది గని పూసల మీద ఏళ్లు కదులుతలేవు. ఆమె చూసే దిక్కు చూసిన.

మడుగు నడిమిట్ల ఒక తల. నల్లటి జడ నీళ్ల మీద తేలుతున్నది. పరదా జరిపినట్టు నీళ్లను రెండు చేతులతోని పక్కకు జరుపుకుంట, చప్పుడు లేకుంట పోతున్నది. యాస్మీన్.

నేను కేకెయ్యబోయిన. అమ్మ ఎనుకకు తిరగకుంటనే చెయ్యి లేపింది.

"ఒర్రకు," అన్నది మెల్లగ. "నడిమిట్ల ఉన్నది."

మేమిద్దరం నిలవడి చూసినం. యాస్మీన్ అవతలి ఒడ్డుకు పోయి, జువ్విచెట్టు వేరు పట్టుకొని ఇటు తిరిగింది. మమ్ములను చూసింది. శానాసేపు గట్లనే వేరు పట్టుకొని ఉన్నది. తర్వాత ఇంకో బాట లేదు కదా, మళ్ల ఈదుకుంట అచ్చింది. సల్వార్ కమీజ్ తోనే ఉన్నది, చున్నీ నడుముకు గట్టిగ కట్టుకున్నది. నీళ్లు కారుకుంట మా ముంగట నిలవడ్డది. తల వంచుకున్నది గని, ఊపిరి మాత్రం నిండుగ తీస్తున్నది. ఆమె మొఖం గంత ఎర్రగ, గంత తేటగ నేను ఎన్నడు చూడలె.

"ఎవలు నేర్పిన్రు?" అమ్మ అడిగింది.

"మా అబ్బా."

యాస్మీన్‌ది ఎల్లంతకుంట దిక్కు పల్లె. వాళ్ల నాయిన బావులల్ల మోటర్లు బిగించేటోడు.

"బావిలకు మోటర్ దించేటప్పుడు నన్ను ఎంబడి తీస్కపోయెటోడు. చెయ్యి జారి బోల్టులు బిగించే పాన నీళ్లల్ల వడితే నేనే మునిగి తెచ్చేదాన్ని."

"ఇన్నేండ్ల సంది ఎన్నడు చెప్పలె," అన్న నేను.

"కోరుట్లల నల్లా నీళ్లు బకెట్ నిండయి. గందుల ఏం ఈదుదు?" అన్నది. తర్వాత అమ్మ దిక్కు తిరిగి, "పెండ్లయి అచ్చిన తెల్లారే చెప్పిన్రు అమ్మా, గీ ఇంట్ల నీళ్ల ముచ్చట ఎత్తద్దని. నేను ఎత్తలె. నిన్న పొద్దుగూకంగ చూసిన కాంచి నా పానం ఆగలె. మాఫ్ చెయ్యుండ్రి," అన్నది.

అమ్మ తన భుజం మీది శాలువా తీసి యాస్మీన్ సుట్టు కప్పింది.

"పోయి బట్టలు మార్చుకో. సర్దయితది."

నేను పొయ్యి ముట్టిచ్చి చాయ్ పెట్టిన. ముగ్గురం మంట దిక్కే చూస్కుంట పొయ్యి సుట్టు కూసున్నం. జేబా లేసి అచ్చింది. మణికట్టు నుంచి చున్నీ ఇంక ఏలాడుతున్నది.

"ఏమైంది? అందరు గిట్లెందుకున్నరు?"

అమ్మ చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట ఊదుకుంట మొత్తం తాగింది. సాసర్ కింద వెట్టింది.

"యాస్మీన్."

"ఆ అమ్మా."

"దీనికి నేర్పు."

జేబాకు అర్థం కాలె. అమ్మ గడ్డంతోని నా దిక్కు చూపిచ్చింది.

"వీనిక్కూడ."

"నాకెందుకమ్మా, గీ వయసుల?"

"నువ్వే ముందు," అన్నది.

*

ఆ తర్వాత డేరాలు పరీక్ష చేసే పని ఉన్నదని చెప్పి మేం ఎన్నిసార్లు పోయినమో. డేరాలకు ఏం పరీక్ష? దుకాణం మూసుడు, ట్రాలీ ఎక్కుడు. జేబా మూడోనాటికే చేప అయింది. నాతోని తండ్లాట. యాస్మీన్ నా వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టేది. నా పొట్ట కింద చెయ్యి పెట్టి, "కాళ్లు లేపుండ్రి. తల కాదు, కాళ్లు," అనేది. డబ్బా పైకి లేస్తే నేను కిందికి పోయేది. ముక్కులకు, నోట్లకు నీళ్లు. బయటికి అచ్చి దగ్గుతుంటే జేబా ఇసుకల వడి నవ్వేది.

ఇంట్ల నేను చెప్తే ఇనే మనిషి, నీళ్లల్ల నాకు హుకుం ఇస్తున్నది. "ఇంకోపారి," అంటది. "ఇప్పుడే చేసిన కదా," అంటె, "అది ఈత కాదు, కొట్లాట. నీళ్లతోని కొట్లాడకుండ్రి," అంటది. ఒకనాడు పొట్ట కింద చెయ్యి లేదని తెల్వకుంటనే రెండు బారలు పోయిన. ఎనుకకు తిరిగి చూస్తే యాస్మీన్ దూరంగ నిలవడి, నడుము మీద చేతులు పెట్టుకొని నవ్వుతున్నది. నాకు కోరుట్లల అందరిని ఆపి చెప్పాల్ననిపిచ్చింది.

అమ్మ ప్రతిసారి అచ్చేది. కుర్చీ మాత్రం ఏ పొద్దుకాపొద్దు కొంచెం ముందటికి జరిగేది.

ఇంద్రజ మేడంకు ఫోన్ చేసి చెప్పిన. "మేడం, డేరాలు మంచిగున్నయి. అదిగాక, మా ఆవిడ ఈత నేర్పుతది."

"ఖలీల్ భాయ్, నాకు గూడ నేర్పుతదా?" అన్నది మేడం.

*

ఆడపిల్లలు బస్సు దిగుడు దిగుడే తోటంత లొల్లి. ఓ ఇరవై మంది ఉంటరు. ఒర్రె చూసి ఒక్కసారి అందరు గమ్మునైన్రు, మళ్ల ఒక్కసారి అందరు మాట్లాడిన్రు. మా అమ్మ కుర్చీల కూసుండి ఒక్కొక్కలను పిలిచి పేరడిగింది, ఏ ఊరని అడిగింది, ఈత అస్తదా అని అడిగింది. రాదన్నోళ్లను కుడిదిక్కు నిలవెట్టింది. ఎడమదిక్కు ఒక్కతే మిగిలింది, మా జేబా.

"మంచిది," అన్నది అమ్మ. "యాస్మీన్ చెప్పంది ఒక్కలు నీళ్లల్ల కాలు పెట్టద్దు. పెడితే నేనే ఇంటికి తోలిస్త."

నేను, బస్సు డ్రైవర్, మగోళ్లం తోట దిక్కే ఉన్నం. ఆడపిల్లలు నీళ్లల్ల దిగినప్పుడు అటు చూడకుంట పరదా కట్టిన. పరదా అవతల కేరింతలు, నీళ్లు కొట్టే చప్పుడు, నడుమ నడుమ యాస్మీన్ గొంతు. ఇంట్ల వంటింటికెంచి వాకిట్లకు గూడ ఇనరాని గొంతు. "నువ్వు, పచ్చ డ్రెస్సు, ఊపిరి ఇడువు. భయపడకు, నేనున్న." నేను ఉల్లిగడ్డలు కోసుకుంట ఇన్న. కండ్లల్ల నీళ్లు ఉల్లిగడ్డలకే అని చెప్పలేను.

రెండోనాడు మధ్యాహ్నం దాటినంక గాలి ఆగిపోయింది. ఆకు కదులుతలేదు. గోదావరి దిక్కు ఆకాశం నల్లగయింది. డేరా గుడ్డ ఒక్కసారి లోపటికి గుంజుకున్నది. దుమారం అస్తున్నదని పందిళ్లేసేటోనికి గా గుర్తు చాలు.

"అందరు ఒడ్డుకు రాండ్రి," అని కేకేసిన. "గుంజలు పీకుండ్రి. డేరాలు పండవెట్టి మీద కూసోండ్రి."

పిల్లలు ఉరికచ్చిన్రు. తడి బట్టలతోనే గుంజలు పీకుతున్నరు. ఇంద్రజ మేడం ఒక డేరా మీద అడ్డం వడి పండుకున్నది. గాలిదుమారం అచ్చి తాకింది. ఇసుక, ఆకులు, పుల్లలు. తోటల మామిడికాయలు టపటప రాలుతున్నయి. పిల్లలు డేరాల మీద కూసుండి భయపడాల్సింది పోయి నవ్వుతున్నరు. గాలి ఒక్కో డేరాను కిందికెంచి లేపుతుంటే మీద కూసున్నోళ్లు ఉయ్యాల ఊగినట్టు ఊగుతున్నరు.

నీళ్ల అంచుకు ఉన్న డేరా ఒకటి మిగిలింది. యాస్మీన్ మొదట కుట్టింది అదే. నేను ఉరికేసరికి మేకులు పీక్కొని లేసింది. తాడు కొస దొరకవట్టిన. డేరా ఆగలె. గాలికి ఉబ్బి మడుగు మీద వడ్డది, నేను ఎంబడే పోయిన. మోకాళ్ల లోతు, నడుము లోతు. డేరా లోపటికి నీళ్లు జొర్రి బరువై గుంజుతున్నది. ఇంకో అడుగేసిన. కింద ఏమీ లేదు.

మునిగిన. లేసిన. తాడు ఇంక నా చేతులనే ఉన్నది.

"తాడు ఇడువుండ్రి," యాస్మీన్ గొంతు. నడుము లోతు నీళ్లల్లకు అప్పటికే అచ్చింది. "ఇడువుండ్రి, ఇంకోటి కుడ్త."

పుట్టిన కాంచి నాకు తెల్సింది తాడు పట్టుకునుడే. ఇడిసిన. రెండు చేతులు ఖాళీ అయినయి, గని ఆ ఖాళీ చేతులతోని ఏం చెయ్యాల్నో ఒక్క నిమిషం తెల్వలె. గప్పుడు గాలిని చీరుకుంట ఇంకో గొంతు ఇనవడ్డది.

"కాళ్లు కొట్టురా ఖలీల్! కాళ్లు కొట్టు!"

మా అమ్మ. కొట్టిన. పొట్ట కింద చెయ్యి లేదు, వీపుకు డబ్బా లేదు. కొట్టుకుంట, కొట్టుకుంట పోతే మోకాలు ఇసుకకు తాకింది. యాస్మీన్ నా భుజం కింద చెయ్యేసి లేపింది.

అమ్మ ఎదురచ్చింది. నీళ్లల్ల రెండడుగులు ఏసి ఉన్నది, చెప్పులు తీయలె. కొడ్తదనుకున్న. చున్నీ కొంగుతోని నా తల తుడిసింది, చిన్న పిల్లగాన్ని తుడిసినట్టు గట్టిగ, చెవుల ఎనుక గూడ.

"బాగనే కొడ్తున్నవ్," అన్నది. "తల జర పైకి వెట్టు."

ఎనుకకెంచి పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నాలుగు చినుకులు వడి వాన పోయింది. పిల్లలు తోటల్లకు ఉరికి ఒళ్లల్ల నిండ మామిడికాయలు ఏరుకచ్చిన్రు. ఉప్పు కారం నంజుకొని పండ్లు పులిసేదాక తిన్నం. మడుగు నడుమ తేలుతున్న డేరాను యాస్మీన్, జేబా ఈదుకుంట పోయి చెరో కొస పట్టి ఒడ్డుకు గుంజుకచ్చిన్రు.

*

మూఢం పోయింది. ముహూర్తాలచ్చినయి, ఫోన్లు మొదలైనయి. మొదటి వాన గూడ వడ్డది. ఇంకో రెండు వానలు వడితే ఒర్రె ఉరుకుతది, అటు పోరాదు. తోటల దాచిన డేరాలు తెచ్చుకునేతందుకు నలుగురం ఆఖరుసారి పోయినం. ట్రాలీల అన్ని ఎక్కించినం. పోదామా అంటే అమ్మ కదలలె.

"యాస్మీన్, నీళ్లు సల్లగున్నయా?"

"లేవమ్మా, గోరువెచ్చగనే ఉన్నయి."

"నన్ను తోల్కపో."

యాస్మీన్ ఇంకో మాట అడగలె. చెయ్యి అందిచ్చింది. ఇంకో దిక్కు జేబా పట్టుకున్నది. అమ్మ పాదాలు తడిసినయి, పిక్కలు తడిసినయి. నడుము దాక అచ్చినంక ఆగింది. గుండెల మీద చెయ్యి పెట్టుకున్నది. నేను ఒడ్డు మీద నిలవడ్డ.

"ఎనుకకు వాలుండ్రి అమ్మా," అన్నది యాస్మీన్. "నా చెయ్యి కిందనే ఉంటది, తీయ."

వాలింది. ముడి ఊడి తెల్లటి ఎంటికలు నీళ్ల మీద పరుసుకున్నయి. కాళ్లు వాటంతటవే లేసినయి. అమ్మ మొఖం ఆకాశం దిక్కు ఉన్నది. యాస్మీన్ ఒక చెయ్యి నడుము కింద, ఒక చెయ్యి తల కింద పెట్టి, పిల్లను ఊపినట్టు మెల్లగ అటు ఇటు జరుపుతున్నది.

నీళ్ల మీద పండుకొనే అమ్మ మాట్లాడింది. ఒడ్డు మీదికి సాఫ్ ఇనవడ్డది.

"గిట్ల పండుకుంటే సాలు," అన్నది. "గీ ముచ్చట మజర్‌కు తెల్వకపాయె."

జేబా నా దిక్కు చూసింది. దాని ఇరవై ఏండ్లల్ల ఆ పేరు దాదీ నోట్ల ఇనుడు అదే మొదలు. యాస్మీన్ చెయ్యి తీయలె. అమ్మ ఇంకింతసేపు గట్లనే పండుకొని, "లేపు," అన్నది.

బట్టలు మార్చుకొని ముందు సీట్ల నా పక్కకు కూసున్నది. యాస్మీన్, జేబా ఎనుక డేరాల మీద కూసున్నరు. బండి ఇబ్రహీంపట్నం దాటినంక అమ్మ మొదలువెట్టింది.

"మజర్‌కు లడ్డూలంటే పానం. మీ అబ్బా ఎక్కడ పందిరేస్తే అక్కడికి ఎంబడి పోయెటోడు. స్టేజీ కింద గుడ్డ ఎనుక దూరి కూసునేటోడు. ఒకసారి పెండ్లి అయితుంటే పెండ్లిపిల్ల కాలు కిందికెంచి గిచ్చిండు. పెండ్లిపిల్ల ఎగిరి దుంకింది. పంతులు మంత్రం మర్చిపోయిండు."

నేను నవ్విన. అమ్మ గూడ నవ్వింది.

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను చూసి, గింత నల్లగున్నడేంది, వాపస్ ఇద్దామన్నడు. మళ్ల ఎవలన్న నిన్ను ఎత్తుకుంటే ఊకునేటోడు కాదు. షామియానా మడతల నిన్ను పండవెట్టి వాడు కావలి కూసునేటోడు."

గీ ముచ్చట్లు నాకు ఒక్కటి తెల్వదు. క్యాబిన్ ఎనుక కిటికీకి జేబా చెవి ఆనిచ్చి ఇంటున్నది. మెట్‌పల్లి అచ్చింది, పోయింది. మజర్ ఈల ఎట్ల ఏస్తడో, మజర్ మేకపిల్లకు ఏం పేరు వెట్టిండో, బడికి పోనని ఏ చెట్టెక్కి కూసున్నడో అమ్మ చెప్తనే ఉన్నది.

కోరుట్ల అచ్చింది. మా గల్లీ మూలకు బండి మెల్లగ చేసిన. అమ్మ చెట్టు ముచ్చట నడిమిట్ల ఉన్నది, ఇల్లు అచ్చిందని చూడలె. ఎనుకకెంచి యాస్మీన్ క్యాబిన్ రేకు మీద రెండుసార్లు తట్టింది, పోనియ్యుమని.

నేను గల్లీ దాటిచ్చి బండి మేడిపల్లి దిక్కు పోనిచ్చిన.